ట్యాబ్లెట్‌కు ఏ యాప్ చేయాలి: ఖాతా పుస్తకమా, అక్షరాలు దిద్దించేదా?

ప్రశ్న (నరసరావుపేట నుంచి):
కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫోన్ యాప్‌లు చేస్తుంటాను. ఈ మధ్య పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నాను. దానికోసమే ఒక యాప్ చేయాలని ఉంది. కిరాణా కొట్లకు ఖాతా పుస్తకం చేస్తే డబ్బులొస్తాయని ఇంట్లో అంటున్నారు. నాకు మాత్రం పిల్లలతో తెలుగు అక్షరాలు దిద్దించేది చేయాలని ఉంది. కానీ అలాంటివి ప్లే స్టోర్‌లో ఇప్పటికే చాలా ఉన్నాయి. ఏది మొదలుపెట్టమంటారు?

జవాబు (హైదరాబాద్):
ఖాతా వద్దు బ్రదర్. గల్లాపెట్టె దగ్గర నిలబడి ఒక చేత్తో రాసుకునే లెక్క అది, ఫోనే సరిపోతుంది.

జవాబు (హనుమకొండ, ఒకటో తరగతి టీచర్):
దిద్దించేదే చేయండి. అయితే ఇప్పుడున్నవాటిలా వద్దండి. నేను చూసినవాటిలో వేలు ఎటు నుంచి పోనిచ్చినా రంగు నిండిపోయి చప్పట్లు మోగుతాయి. పిల్లలు ఆ చప్పట్ల కోసమే గీకేస్తారు. పలక మీద నాకు కనిపించేది రాసేసిన అక్షరమే. ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ చెయ్యి ఎత్తారో పక్కన కూర్చుంటే తప్ప తెలియదు. క్లాసులో అందరి పక్కనా కూర్చోలేను కదా! మీ యాప్ ఆ గీతను దాచిపెట్టి, తర్వాత నాకు నెమ్మదిగా మళ్లీ గీసి చూపిస్తే ఎంతో మేలు. ఇంకొకటి, వత్తులకు జాగా కావాలి. ‘స్త్రీ’ రాయాలంటే పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, ర వత్తు. చిన్న చేతులకు ఫోన్‌లో అది కుదరదు. ట్యాబ్ అవసరం అక్కడే ఉంది.

జవాబు (బెంగళూరు):
టీచర్ గారు చెప్పింది చేయొచ్చు. యాప్‌లలో కలుపుకునే గూగుల్ టూల్ ‘ఎంఎల్ కిట్’ తెలుగు చేతిరాతను గుర్తిస్తుంది, దాని మోడల్ (గుర్తించే ఫైల్) ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక నెట్ అక్కర్లేదు. కానీ అది ఏ అక్షరమో చెబుతుంది, రాసిన తీరు సరైనదో కాదో చెప్పదు. కాబట్టి ప్రతి గీతలోని బిందువులనూ, వాటి సమయాన్నీ మీరే సేవ్ చేసుకోవాలి. రబ్బరు మొన ఉన్న చవక పెన్ను ఆండ్రాయిడ్‌కు వేలిలాగే కనిపిస్తుంది. కాబట్టి అరచెయ్యి ఆనితే గీతలు పడకుండా చూసుకోండి. మీ ప్లే స్టోర్ డెవలపర్ అకౌంట్ 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, విడుదలకు ముందు యాప్‌ను పరీక్షించే టెస్టర్లు 12 మంది 14 రోజులు వరుసగా ఉండాలి. వాళ్లను ఇప్పుడే వెతుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. దిద్దించేదే చేస్తాను. ముందు అచ్చులు, గీతను మళ్లీ గీసి చూపించడం, అంతవరకే. టీచర్ గారూ, ఎడమచేత్తో రాసే పిల్లలకు చెయ్యి అడ్డం రాకుండా నమూనా అక్షరాన్ని కుడివైపు పెట్టమంటారా?