సమస్య: “కత్తిరించినపుడె కలిసివచ్చు”

నిర్వాహకుడు: మిన్నెసోటా, మిషిగన్ సభ్యులు మంచుకు గడప దాటక ఊలుండలు పట్టారు. అందుకే ఈ పాదం. పూరణలో అల్లిక ఉండాలి, మంగలి కత్తెర వద్దు.

సూదిమొన:
చేసి గొట్టమట్లు షెట్లాండు కోటును
నడుమ నైదు కుట్లు నమ్మి చేర్చి
యంచు రెండు వైపు లదిమి కుట్టిన వెన్క
కత్తిరించినపుడె కలిసివచ్చు!

అర్ధబిందువు: భేష్! అల్లినదాన్ని నిలువునా కోయడమే చమత్కారం. తెలియనివారికి: రెండు రంగుల అల్లికను గుండ్రంగా అల్లితే మంచివైపే ఎప్పుడూ కంటి ముందుంటుంది, పర్ల్ (తిరగేసి వేసే కుట్టు) వరుసల బెడద లేదు. ముందుభాగంలో చేర్చిన ఐదు కుట్లలో నడిమిదానికి అటూ ఇటూ మిషన్ మీద రెండేసి వరుసలు కుట్టి, ఆ నడిమి కుట్టు వెంబడి కోస్తారు, గొట్టం ముందు తెరుచుకునే కోటవుతుంది. తరువాత అంచుపట్టీకి నాలుగు వరుసలకు మూడు కుట్ల చొప్పున ఎత్తుకోవాలి. నాలుగుకు నాలుగూ ఎత్తితే పట్టీ అలలు తేలుతుంది.

గణపాఠి: పద్యం నిర్దుష్టం, ఒప్పుకుంటాను. కానీ “నమ్మి” అన్న మాట ఊలు రకం చెప్పకుండా అన్నారు. స్కాట్లండ్ దీవుల షెట్లాండు ఊలు గరుకు, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నూలుతోనో సూపర్‌వాష్ (మిషన్‌లో ఉతికినా ముడుచుకోని) ఊలుతోనో నమ్మితే కోసినచోట కుట్లు జారిపోతాయి.

సూదిమొన: మూడో మాటే షెట్లాండు అన్నంత త్వరగా చెప్పానయ్యా. మూడో గణం దాటాక చదవడం మానేశారా?

మంచుపువ్వు:
వంద చుట్లు చుట్టి పట్టుదారముతోడ
నడుము బిగియఁ గట్టి నాణ్యముగను
పువ్వు విచ్చునట్లు బొచ్చుటోపికి నెత్తి
కత్తిరించినపుడె కలిసివచ్చు!

అర్ధబిందువు: “నాణ్యముగను” వ్యర్థపదం అమ్మా, యతి కోసం తెచ్చిపెట్టింది. పట్టుదారం ముడి బిగిసేలోపే జారుతుంది, మైనం రాసిన నూలుదారం మేలు. అదే ఊలుతో కడితే గట్టిగా లాగేసరికి పుటుక్కుమంటుంది. వంద చుట్లు నడిమిరకం ఊలుకే, సన్న ఊలైతే పువ్వు (టోపీ మీది పాంపామ్) బోడిగా ఉంటుంది.

గణపాఠి:
ఊలునందు ముడియె యుండిన దాఁచక
కొనలు రెండు తడిపి కూర్చవచ్చును
చిక్కు ముడిని జూచి చింతింప నేటికి
కత్తిరించినపుడె కలిసివచ్చు!

సూదిమొన: హమ్మయ్య! రెండో పాదం చివర మూడు మాత్రల సూర్యగణం ఉండాల్సిన చోట నాలుగు మాత్రల భగణం కూర్చుంది. మనకు తెలియకుండా పోగు సూది మీదికి ఎక్కి వరుసలో ఒక కుట్టు పెరిగినట్టు, ఆ “ను” ఎక్కువ. “కూర్చవచ్చు” అని ఆపితే చాలు. ఊలు రకం చెప్పలేదని నన్ను నిలదీసిన వారు తమ పద్యంలో చెప్పారా? సూపర్‌వాష్ ఊలు పొలుసులు అణగిపోయి ఉంటుంది, ఎంత తడిపి నలిపినా అతకదు.

గణపాఠి: “ను” తీసేశాను. ఊలు సంగతి: మామూలు ఊలే. ఏడెనిమిది సెంటీమీటర్లు పేటలు విప్పి, రెండు కొనల్లోనూ సగం పేటలు తుంచి, ఒకదానిమీద ఒకటి పరిచి తడిచేసి అరచేతుల మధ్య వేడి పుట్టేదాకా నలపాలి. పేటలు తుంచకపోతే అక్కడ లావై అల్లికలో గుబ్బ తేలుతుంది.

మంచుపువ్వు: గణపాఠి గారూ, మొన్నటి దత్తపదిలో (ఇచ్చిన మాటలన్నీ వచ్చేలా చెప్పే పద్యంలో) మీరు గార్టర్ (రెండు వైపులా గట్లు తేలే) అల్లికకు పర్ల్ వరుస వేయించారు. అన్నీ నిట్ (మామూలు కుట్టు) వరుసలే కదా? అప్పుడు ఎవరూ అడగలేదు.

గణపాఠి: అది టోపీ అమ్మా. అటూ ఇటూ తిప్పి అల్లితే అన్నీ నిట్టే. గుండ్రంగా అల్లినప్పుడు వరుస విడిచి వరుస పర్ల్ వేయకపోతే గార్టర్ రాదు.

సూదిమొన: ఇది మాత్రం నిజం. ఆ దత్తపదిలో ప్రాసయతి (యతి బదులు ప్రాస) సంగతి వేరే చర్చా దారంలో తేల్చుకుందాం.

నిర్వాహకుడు: తేల్చుకోండి, ఇక్కడ వద్దు. రేపటి దత్తపది: సూది, ఉండ, ముడి, కుట్టు. భారతార్థంలో.