నాన్నగారి వాన లెక్కల పుస్తకాలతో సొంత వెబ్‌సైటు: నేర్చుకుంటూనే కట్టుకున్నవారి అనుభవాలు చెప్పగలరా?

వానలెక్క (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను బీకాం చదివి ఒక దుకాణంలో ఖాతాలు చూసుకుంటున్నాను. ఐదు నెలలుగా రాత్రిపూట వీడియోలు చూస్తూ వెబ్ పేజీలు కట్టే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. వీడియోలో చెప్పినట్టు చేస్తే అన్నీ పనిచేస్తాయి, కానీ వీడియో ఆపేసి ఖాళీ ఫైలు తెరిస్తే మొదటి వరుస ఏం రాయాలో తోచదు. అందుకని నాకు నిజంగా అవసరమైనదేదైనా కట్టాలని నిశ్చయించుకున్నాను.

మా నాన్నగారు వేరుశనగ రైతు. 1991 నుంచి మా చేలో పడిన ప్రతి వాననూ కొలిచి నోటుపుస్తకాల్లో రాసిపెట్టారు. తేదీ, కార్తె, వాన కొలత, పక్కన ‘పదునువాన’, ‘తుంపర’, ‘వంక పారింది’ వంటి మాట ఒకటి ఉంటాయి. మొదటి మూడు పుస్తకాల్లో కొలత అంగుళాల్లోనూ, ఆ తరువాత మిల్లీమీటర్లలోనూ ఉంది. వీటన్నిటినీ ఆయన తన ఫోనులో చూసుకునేలా నా పేరుతో ఒక సైటు పెట్టాలని కోరిక. నా సందేహాలు మూడు. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో మొదలుపెట్టాలా, మామూలు హెచ్‌టీఎంఎల్ చాలునా? డేటాబేసు కావాలా? తెలుగు అక్షరాలు ఏ ఫోనులోనైనా సరిగ్గా కనబడాలంటే ఏం చేయాలి?

మానేరు (కరీంనగర్)

వానలెక్క గారూ, నేను పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతాను. మీ చేతిలో ఉన్న సామగ్రి మా విద్యార్థుల్లో ఒక్కరికి ఉన్నా సంతోషించేవాణ్ణి. అందరూ ‘నా పేరు, నా అభిరుచులు, నా నైపుణ్యాలు’ అని ఒక పేజీ చేసి ఆపేస్తారు, ఎందుకంటే అందులో చెప్పడానికి అంతకుమించి ఏమీ ఉండదు.

డేటాబేసు అవసరం లేదు. మీ జిల్లా సగటు వర్షపాతమే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వాన పడిన రోజులు ఏడాదికి యాభై అనుకున్నా మొత్తం రెండు వేల వరుసలు దాటవు. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుందని లెక్కవేసుకున్నా ఆ ఫైలు ఒక చిన్న ఫొటో అంత కూడా ఉండదు. దాన్ని జేసన్ అనే సాదా టెక్స్టు పద్ధతిలో ఒక ఫైలుగా పెట్టుకుంటే చాలు.

ముందు పుస్తకాల్లోని ఒక్క సంవత్సరం లెక్కలు తీసుకుని, జావాస్క్రిప్ట్ జోలికి పోకుండా, పట్టికను చేత్తో టైపు చేయండి. విసుగు పుడుతుంది. యాభై వరుసల్లో ఒకే రకం ట్యాగులు మళ్ళీ మళ్ళీ రాసినవాడికి లూపు (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ఆదేశం) ఎందుకు కనిపెట్టారో ఎవరూ వివరించనక్కరలేదు. అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగును ఫైలు మొదటి భాగమైన హెడ్‌లో అన్నిటికంటే ముందు పెట్టండి. అది ఫైలులోని మొదటి 1024 బైట్లలోపు ఉండాలన్నది నియమం. అది లేకపోతే కొన్నిచోట్ల మీ తెలుగంతా నెత్తిన కొమ్ములున్న రోమన్ అక్షరాల గుంపుగా కనబడుతుంది. పేజీని ఫోను తెర వెడల్పుకు సరిపెట్టే వ్యూపోర్ట్ మెటా ట్యాగు మరిచిపోతే నాన్నగారి ఫోనులో పేజీ చీమలబారులా కనబడుతుంది.

పాతకాపు (విజయవాడ)

నేను 2003లో నా కథల కోసం సైటు పెట్టుకున్నాను. అప్పటికి అన్ని భాషలకూ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగు ఉన్నా, చాలామందిమి మాత్రం ఫాంటును బట్టి సంకేతాలు మారే పాత పద్ధతిలోనే టైపు చేసేవాళ్ళం. ఆ ఫాంటు లేని కంప్యూటరులో నా కథ తెరిస్తే అర్థంలేని గుర్తులు వచ్చేవి. కొన్నేళ్ళకు నాకు ఉచితంగా చోటిచ్చిన సేవ మూతపడింది. నా దగ్గర మిగిలినవి సగం పేజీలు, అవి కూడా ఇప్పుడు ఏ ఫాంటూ చదవలేని రాత. అందుచేత నేను చెప్పేది ఒక్కటే. నాన్నగారి లెక్కలను పేజీలో కలిపేయకుండా, సాదా టెక్స్టు ఫైలుగా విడిగా ఉంచండి, దాని నకలు ఇంట్లో పెన్‌డ్రైవులో కూడా పెట్టుకోండి. సైటు ఎన్నిసార్లయినా మళ్ళీ కట్టవచ్చు.

ఇంకొక చిన్న మాట. విండోస్ కంప్యూటరులో ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా పట్టింపు లేదు. సైట్లను అందించే కంప్యూటర్లు, అంటే సర్వర్లు, ఎక్కువగా లినక్సువి కాబట్టి అక్కడ ఉంటుంది. నా బొమ్మలన్నీ ఇంట్లో చక్కగా కనబడి, సైటులో మాత్రం మాయమైనందుకు నేను రెండు రాత్రులు కూర్చున్నాను. కెమెరా ఇచ్చిన ఫైలు పేరు చివర పెద్దబడి జేపీజీ ఉండడమే కారణం. ఫైళ్ళ పేర్లన్నీ చిన్నబడిలో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి. పేజీల చిరునామాలను తెలుగులో పెట్టుకోవాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ వాటిని ఎక్కడికైనా కాపీ చేస్తే ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు తొమ్మిది గుర్తుల శాతాల (%) దండగా మారడం మామూలు.

రాత్రిబడి (హైదరాబాదు)

నేను కొంచెం భిన్నంగా చెబుతాను. నేను వెబ్‌సైట్లు కట్టే ఉద్యోగమే చేస్తున్నాను. మామూలు హెచ్‌టీఎంఎల్ మంచిదే కానీ, వానలెక్క గారు ఉద్యోగం మారే ఉద్దేశంతో నేర్చుకుంటున్నట్లయితే ఇంటర్వ్యూలలో రియాక్ట్ గురించే అడుగుతారు. ఐదు నెలలు పెట్టిన శ్రమను పక్కన పెట్టించడం నాకు సమంజసంగా తోచడం లేదు.

మానేరు (కరీంనగర్)

రాత్రిబడి గారూ, పక్కన పెట్టమనలేదు, తరువాత చేయమన్నాను. అదే సైటును రెండోసారి రియాక్ట్‌లో కడితే ఏ పని అది తగ్గించిందో, ఏ పని పెంచిందో ఆయనకే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పడానికి అంతకన్నా మంచి సంగతి ఏముంటుంది?

వానలెక్క (అనంతపురం)

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మానేరు గారు చెప్పినట్టే 2003వ సంవత్సరాన్ని చేత్తో టైపు చేశాను, తరువాత మిగిలిన సంవత్సరాలను జేసన్‌లోకి ఎక్కించి పట్టికను జావాస్క్రిప్ట్‌తో తయారు చేస్తున్నాను. ఈ మూడు వారాల్లో చేసిన తప్పులు ఐదు నెలల వీడియోల్లో ఎక్కడా రాలేదు కనుక వివరంగా రాస్తున్నాను.

మొదటిది తేదీ. పుస్తకంలో ఉన్నట్టే 05/06/2003 అని రాశాను. నాన్నగారి లెక్కలో అది జూన్ 5. బ్రౌజరు దాన్ని మే 6 అనుకుంది. తేదీ పన్నెండు దాటిన వరుసల్లో మాత్రం ‘చెల్లని తేదీ’ అని వచ్చింది కాబట్టి తప్పు బయటపడింది. లేకపోతే సగం ముంగారు వానలు ఎండాకాలంలోకి వెళ్ళిపోయేవి. ఇప్పుడు అన్నిటినీ సంవత్సరం, నెల, రోజు వరుసలో 2003-06-05 అని మార్చాను.

రెండోది కార్తెలు. కార్తెవారీగా మొత్తం వాన చూపించమంటే జావాస్క్రిప్ట్ అక్షరక్రమంలో పేర్చింది. ఆరుద్ర రోహిణి కన్నా ముందుకు వచ్చింది, హస్త చివరికి పోయింది, రోహిణి, మృగశిర రెండూ మఖ తరువాత వచ్చి కూర్చున్నాయి. నాన్నగారు చూసి ‘ఇదేం పంచాంగం రా’ అన్నారు. రోహిణి నుంచి మొదలుపెట్టి మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి అంటూ క్రమాన్ని నేనే ఒక జాబితాగా రాసి, ఆ జాబితాలోని స్థానాన్ని బట్టి పేర్చమని చెప్పవలసివచ్చింది. పేర్చే ఆదేశమైన సార్ట్‌కు మనమే పోలిక నియమం ఇవ్వవచ్చునని పాఠంలో విన్నాను, ఎందుకివ్వాలో అప్పుడు తెలియలేదు.

మూడోది అన్నిటికంటే సిగ్గుపడవలసినది. 1998 ఆగస్టులో వాన లేని రోజులు ఇరవై ఆరు అని నా పేజీ చూపించింది. నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ నెలలో తాను పది రోజులు మా అమ్మ వైద్యం కోసం బెంగళూరులో ఉన్నాననీ, ఆ రోజుల గడులు ఖాళీగా వదిలాననీ, ‘వాన లేదు’ అని రాయలేదనీ చెప్పారు. విషయమేమిటంటే, ఖాళీ మాటను సంఖ్యగా మార్చమంటే జావాస్క్రిప్ట్ సున్నా ఇస్తుంది. పుస్తకంలో నాన్నగారు సున్నా కొట్టిన రోజు వేరు, ఏమీ రాయని రోజు వేరు. ఖాతాలు రాసే ఉద్యోగంలో ఉండి కూడా నేను ఆ తేడా గమనించలేదు. ఇప్పుడు ఖాళీలకు ‘విలువ లేదు’ అనే అర్థమున్న నల్ అని పెట్టి, పట్టికలో ‘కొలవలేదు’ అని చూపిస్తున్నాను.

సైటును గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉచితంగా పెట్టాను. తెలుగుకు నోటో సాన్స్ తెలుగు ఫాంటు వాడాను. వరుసల మధ్య ఎడం తక్కువగా ఉంటే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి కాబట్టి లైన్ హైట్‌ను 1.8కి పెంచాను. దయచేసి అందరూ ఒకసారి తెరిచి చూసి లోపాలు చెప్పండి.

తంగేడు (డాలస్)

వానలెక్క గారూ, పేజీ చాలా బాగుంది. మాది మీ పక్క తాలూకా కావడం వల్ల ‘వంక పారింది’ అన్న మాట చూసి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. కానీ ఒక విచిత్రం ఉంది. మీరు పైన 2003 జూన్ 5 అని రాసిన వాన నాకు జూన్ 4న పడినట్టు కనబడుతోంది. మరి కొన్ని తేదీలను మీరు పెట్టిన పుస్తకం ఫొటోతో పోల్చి చూశాను, అన్నీ ఒక రోజు వెనక్కి ఉన్నాయి.

కారణం ఇది. 2003-06-05 అని తేదీ ఒక్కటే రాస్తే జావాస్క్రిప్ట్ దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుని, చూపించేటప్పుడు చూసేవారి స్థానిక సమయంలోకి మారుస్తుంది. భారతదేశం ఐదున్నర గంటలు ముందుంది కాబట్టి మీకు అదే రోజు తెల్లవారుజామున ఐదున్నర అవుతుంది, తేదీ మారదు. మేము వెనకున్నాము కాబట్టి మాకు ముందురోజు సాయంత్రమే అవుతుంది. మీ ఊళ్ళో కూర్చుని ఎన్నిసార్లు పరీక్షించినా ఇది మీకు దొరికేది కాదు. వానకు గంటా నిమిషం అక్కరలేదు కాబట్టి దాన్ని జావాస్క్రిప్ట్‌లోని డేట్ అనే తేదీ రకంగా మార్చకుండా, ఆ మాటనే గీతల దగ్గర మూడు ముక్కలుగా కోసి చూపించండి. డేట్ తప్పదనుకుంటే సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇచ్చి తయారుచేయండి. అప్పుడు మాత్రం నెలల లెక్క సున్నా నుంచి మొదలవుతుందనీ, జూన్‌కు 5 ఇవ్వాలనీ మరిచిపోకండి.

ఇంకొకటి, హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష ఇంగ్లీషు అని ఉంది. సంకేతాన్ని తెలుగుకు మార్చండి. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఏ గొంతుతో చదవాలో దాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది.

మానేరు (కరీంనగర్)

తంగేడు గారు తేదీ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. నాన్నగారు వాన ఏ వేళ కొలుస్తారు? వాతావరణ శాఖ లెక్క ఉదయం 8.30 గంటలకు ముగిసే ఇరవైనాలుగు గంటలది. నాలుగో తేదీ రాత్రి పడిన వాన వారి లెక్కలో ఐదో తేదీ కింద వస్తుంది. మీరు మునుముందు జిల్లా లెక్కలతో పోల్చాలనుకుంటే ఈ సంగతి ఇప్పుడే కనుక్కుని పేజీలో ఒక వాక్యం రాసిపెట్టండి. ఇది ప్రోగ్రామింగ్ విషయం కాదు, అయినా మీ ప్రోగ్రాము ఇచ్చే జవాబు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

వానలెక్క (అనంతపురం)

తంగేడు గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. కంప్యూటరు గడియారాన్ని అమెరికా సమయానికి మార్చి చూస్తే మీరు చెప్పిన తప్పు నాకూ కనబడింది. డేట్ తీసేసి తేదీని మాటగానే ఉంచాను. మానేరు గారూ, నాన్నగారు పొద్దున పాలు పితికాక, అంటే ఇంచుమించు ఏడు గంటలకు కొలుస్తారు, ఆ పొద్దుటి తేదీ కిందే రాస్తారు. ఆ వాక్యం పేజీ కింద పెట్టాను.

సంవత్సరవారీ వానను నిలువు పట్టీలుగా, బొమ్మలను కొలతలతో గీసే ఎస్‌వీజీలో గీశాను. నేర్చుకుంటున్నాను కదా అని గ్రాఫులు గీసే లైబ్రరీ వాడలేదు. ఎస్‌వీజీలో సున్నా పైన మొదలై కిందికి పెరుగుతుందని నాకు తెలియక, పట్టీలన్నీ చూరుకు కట్టినట్టు పైనుంచి వేలాడాయి. సరిచేయబోతుంటే నాన్నగారు ‘వాన పైనుంచి కిందికే కదా పడేది, అట్లే ఉండనీ’ అన్నారు. అలాగే ఉంచాను.

పుస్తకాల పేజీల ఫొటోలు ఒక్కొక్కటి నాలుగు ఎంబీ దాకా ఉండేవి, ఊళ్ళో నాన్నగారి ఫోనులో ఒక పట్టాన తెరుచుకోలేదు. వెడల్పు 1200 పిక్సెళ్ళకు తగ్గించి, తెర మీదికి వచ్చినప్పుడే దిగేలా పెట్టాను. అప్పుడు ఇంకొక సంగతి చూశాను. పుస్తకాల అంచుల్లో ఎవరెవరికి ఎంత అప్పు ఇచ్చారో, ఎవరు తీర్చలేదో పేర్లతో సహా ఉంది. అవన్నీ కత్తిరించాను. ఫోనుతో తీసిన ఫొటోల్లో ఎక్కడ తీశామో ఆ స్థానం కూడా దాగి ఉంటుందని ఇదే సందర్భంలో తెలిసి, దాన్నీ తొలగించి కొత్తగా ఎక్కించాను.

పాతకాపు (విజయవాడ)

ఎక్కించిన ఫొటోలను తరువాత మార్చారంటున్నారు కాబట్టి హెచ్చరిస్తున్నాను. గిట్‌హబ్ వెనక మార్పులన్నిటినీ దాచే గిట్‌లో తీసేసిన ఫైలు ఇప్పటి ప్రతిలో కనబడకపోయినా పాత కమిట్లలో (అప్పటికప్పుడు దాచిన ప్రతుల్లో) అలాగే ఉంటుంది. అప్పుల పేర్లున్న ఫొటోలు ఒక్కసారైనా కమిట్ అయి ఉంటే, ఆ రిపాజిటరీని (సైటు ఫైళ్ళూ వాటి చరిత్రా ఉన్న సంచిని) పూర్తిగా తొలగించి కొత్తది మొదలుపెట్టడమే మీకు తేలిక. చరిత్రను తిరగరాసే పద్ధతులు ఉన్నాయి కానీ అవి నేర్చుకునేలోపు ఎవరో ఒకరు చూస్తారు.

వానలెక్క (అనంతపురం)

నిజమే, పదకొండు ఫొటోలు పాత కమిట్లలో ఉన్నాయి. ఇప్పుడే రిపాజిటరీ తొలగించి, కత్తిరించిన ఫొటోలతో కొత్తది పెట్టాను. చిరునామా మారలేదు.

నాన్నగారే స్వయంగా వాన లెక్క ఎక్కించుకునేలా ఒక ఫారం చేయాలని ఉంది. దానికి సర్వర్ వైపు ప్రోగ్రాము కావాలి కాబట్టి నేర్చుకోవడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆయన పొద్దున ఫోను చేసి చెబుతారు, నేను దుకాణానికి వెళ్ళేలోపు ఒక వరుస చేర్చి పంపిస్తాను. ఈ ఉదయం చెప్పింది: మృగశిర, 14 మిల్లీమీటర్లు, పదునువాన.