'రబ్ ఆఫ్ ద గ్రీన్'కు తెలుగు మాట: 'నేలవాటం' అనవచ్చునా?

మిత్రులారా, ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. గోల్ఫ్ నియమాల పాత కూర్పు ఒకటి అనువదిస్తున్నాను. అందులో 'రబ్ ఆఫ్ ద గ్రీన్' అని వచ్చింది. కొట్టిన బంతి కదులుతూ ఉండగా ఏ ప్రేక్షకుడికో, కుక్కకో తగిలి దారి మళ్లిందనుకోండి. ఎవరూ కావాలని చేయలేదు. బంతి వెళ్లి చెరువు గట్టున చిక్కుకున్నా, తిన్నగా రంధ్రం పక్కకే చేరినా, ఆగిన చోటి నుంచే ఆడాలి. ఆ తగలడానికి పెట్టిన పేరు ఇది.

సంగతి చాలా పాతది. 1744లో స్కాట్లండులోని లీత్‌లో రాసుకున్న 13 నియమాల్లోనే, మనిషి గాని గుర్రం గాని కుక్క గాని మరేదైనా గాని బంతిని ఆపితే ఆగిన చోటే ఆడాలని ఉంది. గుర్రం ఎందుకంటే ఆ మైదానం ఊరుమ్మడిది. 1812 నాటి సెయింట్ ఆండ్రూస్ నియమాల్లో 'రబ్' పేరు కనిపిస్తుంది. ఇక్కడ రబ్ అంటే రుద్దడం కాదు. పచ్చిక మీద గుండ్లు దొర్లించే బౌల్స్ అనే ఆటలో, గుండును పక్కకు తోసే గతుకు. షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ 'అక్కడే ఉంది రబ్' అనేది కూడా ఈ గతుకునే. గ్రీన్ అంటే అప్పట్లో మైదానం మొత్తం.

'అదృష్టం' అని రాసి కొట్టేశాను. అది మంచివైపే మొగ్గుతుంది. 'గాలివాటం' ఒరవడిలో 'నేలవాటం' అంటే ఎలా ఉంటుంది?

వ్యాఖ్య: ఇంత వెతుకులాట ఎందుకండీ? క్రికెట్ వ్యాఖ్యాత ఈ మాట అన్నప్పుడల్లా మన పత్రికలు 'అదృష్టం కలిసిరాలేదు' అని రాస్తూనే ఉన్నాయి. చదివేవాళ్లకు అర్థమవుతూనే ఉంది.

నా జవాబు: క్రికెట్, ఫుట్‌బాల్, స్నూకర్ వాళ్లు ఆ మాటను ఒకవైపుకు లాగేశారు. వాళ్ల లెక్కలో అది ఒకరికి దక్కుతుంది, ఒకరికి దక్కదు. గోల్ఫ్‌లో అది దక్కేది కాదు, జరిగేది. 2003 మాస్టర్స్ గోల్ఫ్ పోటీ చివరి రోజు జెఫ్ మాగర్ట్ అనే ఆటగాడు ముందంజలో ఉన్నాడు. మూడో హోల్ దగ్గర ఇసుక గుంటలోంచి కొట్టిన బంతి గుంట అంచుకు తగిలి, వెనక్కి ఎగిరి ఆయన రొమ్ముకే తగిలింది. తన బంతి తనకే తగిలితే లెక్కలో రెండు దెబ్బలు అదనంగా కలపడం అప్పటి నియమం ప్రకారం శిక్ష. నాలుగు దెబ్బల్లో ముగించవలసిన హోల్‌కు ఏడు పట్టాయి. అదే బంతి పక్కనున్న ప్రేక్షకుడికి తగిలి ఉంటే రబ్ అయ్యేది, శిక్ష ఉండేది కాదు! ఆ శిక్షను 2008లో ఒక దెబ్బకు తగ్గించి, 2019లో ఎత్తేశారు. ఆ 2019 సవరణలోనే నియమాల పుస్తకం నుంచి 'రబ్ ఆఫ్ ద గ్రీన్' అనే మాటా పోయింది. ఆటగాళ్ల నోట మాత్రం ఉంది.

వ్యాఖ్య: నాయనా, ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, 'ధర ఖర్వాటుడొకండు' పద్యం గుర్తుకు రాకుండా ఉంటుందా? ఎండకు మాడిన బట్టతలాయన తాటిచెట్టు నీడకు పరుగెత్తడం, పండు సరిగ్గా నెత్తిన పడటం. ఇంతకంటే తగలడం ఏముంటుంది? అదీ కాకపోతే 'కాకతాళీయం' ఉండనే ఉంది. మనం 'అనుకోకుండా' అనే అర్థంలో తేలికగా వాడేస్తున్నాం గాని, పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన కాశికా వృత్తి చెప్పే కథలో పండు పడి కాకి చస్తుంది.

నా జవాబు: మాస్టారూ, ఆ పద్యం నాకూ కంఠస్థమే. చిక్కంతా చివరి పాదంలో ఉంది. దైవోపహతుడు ఎక్కడికి పోతే ఆపద అక్కడికి పోతుందని లక్ష్మణకవి తేల్చేశాడు. అంటే లోపం ఆ మనిషి రాతలో ఉంది. గోల్ఫ్ నియమం ఎవరి రాతనూ అడగదు. కాకతాళీయం బాగుంది గాని, బంతికి బదులు కాకిని ఊహించుకోవలసి వస్తుంది.

వ్యాఖ్య: 'అదృష్టం' కొట్టేసినందుకు నాకు అభ్యంతరం ఉంది. అ-దృష్టం, కంటికి కనబడనిది. న్యాయ వైశేషిక దర్శనాల్లో పుణ్యమూ పాపమూ రెండూ అదృష్టమే. అది మొదటి నుంచీ మంచిదే అయితే 'దురదృష్టం' అనే మాట పుట్టేదే కాదు కదా! ఆ మాటను ఒకవైపుకు లాగింది మన వాడుకే. ఫుట్‌బాల్ వాళ్లను తప్పుపట్టే ముందు మనల్ని మనం చూసుకోవాలి.

నా జవాబు: ఒప్పుకున్నానమ్మా. కాని ఇప్పుడు వెనక్కి లాగలేం.

వ్యాఖ్య: ఇక 'నేలవాటం' సంగతి. నేల వాటం ముందే కనబడుతుంది. ఎటు పల్లమో చూసుకుని కొట్టడమే ఆటగాడి నేర్పు. చూసుకోగలిగిన దానికి ఆ పేరు పెట్టి, చూసుకోలేని దానికి వాడితే ఎలా? 'తగులుబాటు' అనండి.

వ్యాఖ్య: 'తగులుబాటు' అంటే మైదానం తగలబడినట్టు వినబడుతోంది.

నా జవాబు: వాటం గురించి మీరన్నది నిజమే. అయితే గాలివాటం కూడా ఒకప్పుడు చూసుకునేదే. తూర్పారబట్టే రైతు గాలివాటం చూసుకునే చేట ఎత్తుతాడు. అదే మాట ఇప్పుడు 'గాలివాటంగా గెలిచాడు' అన్నచోట చూసుకోనిదానికి గుర్తయింది. నేలవాటానికి మాత్రం ఆ వయసు రాలేదు, నిన్న పుట్టింది.

వ్యాఖ్య: ఒక చిన్న తేడా మరచిపోకండి. ఆగి ఉన్న బంతికి ఈ మాట వర్తించదు. 1998 ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో, సాగ్రాస్ మైదానం 17వ హోల్ దగ్గర ఆగి ఉన్న బంతిని సీగల్ అనే సముద్రపు పక్షి ముక్కున కరుచుకుపోయి నీళ్లలో పడేసింది. బంతిని మళ్లీ అదే చోట పెట్టుకోనిచ్చారు. పక్షి ఎగిరే బంతిని తాకితే ఒక న్యాయం, ఆగిన బంతిని ఎత్తుకుపోతే ఇంకొక న్యాయం.

వ్యాఖ్య: నాకు గోల్ఫ్ తెలియదు. మా చెరువు గట్టు కింద క్రికెట్ ఆడేవాళ్లం. ఒకసారి ఫోరు పోవలసిన బంతి పడుకుని నెమరేస్తున్న గేదె డొక్కకు తగిలి ఆగిపోయింది. గేదె తల కూడా తిప్పలేదు. కొట్టినవాడు నాలుగు పరుగులు ఇవ్వాలని కూర్చున్నాడు. మా పెద్దన్నయ్య ఎంపైరు. "గేదె కూడా నేలేరా, ఆడు" అన్నాడు. ఆ మాటతో గొడవ సద్దుమణిగింది.

నా జవాబు: మీ అన్నయ్యగారికి నమస్కారం. 'నేలవాటం' కొట్టేద్దామనే కూర్చున్నాను, ఇప్పుడు చెయ్యి రావడం లేదు. ప్రస్తుతానికి పెన్సిలుతోనే ఉంచుతాను. గూటీబిళ్లలోనో గోళీలాటలోనో ఇలాంటి తగలడానికి మీ ఊళ్లో పేరేదైనా ఉంటే, చిర్రగోనె ఆడినవాళ్లు కూడా, ఇక్కడ రాయండి.