ఆర్‌టీపీసీఆర్ నెగటివ్, సీటీలో గ్రౌండ్ గ్లాస్: దేన్ని నమ్మాలి?

ప్రశ్న:
మా నాన్నగారికి 68 ఏళ్లు. ఐదు రోజులుగా జ్వరం, పొడి దగ్గు ఉండటంతో హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే సీటీ స్కాన్) తీయించాము. రెండు ఊపిరితిత్తుల కింది భాగాల్లో, అంచుల వెంబడి గ్రౌండ్ గ్లాస్ మచ్చలున్నాయనీ, సివియారిటీ స్కోరు 25కి 9 అనీ, కోరాడ్స్ 4 అనీ రిపోర్టులో రాశారు. ఆర్‌టీపీసీఆర్ మాత్రం నెగటివ్ వచ్చింది. ఆక్సిజన్ 96 దగ్గర నిలకడగా ఉంది. ఇది కోవిడేనా? స్కోరు తగ్గిందో లేదో చూడటానికి వచ్చే వారం మళ్లీ స్కాన్ అవసరమా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (రేడియాలజిస్టు):
ఊపిరితిత్తిలో కొంత మేర లేత బూడిద రంగులో మసకబారి, ఆ మసకలోనూ రక్తనాళాల గీతలు కనిపిస్తూ ఉంటే దాన్ని గ్రౌండ్ గ్లాస్ అంటాము; నాళాలు కూడా కనిపించనంత చిక్కబడితే అది కన్సాలిడేషన్. ఈ మసక ఏ వైరస్ వల్ల వచ్చిందో స్కాన్ చెప్పలేదు. ఇన్‌ఫ్లుయెంజాలోనూ అచ్చం ఇలాంటి చిత్రమే రావచ్చు, ఎడినోవైరస్ అయితే ఒక్కోసారి బాక్టీరియా న్యుమోనియాను తలపిస్తుంది. కోరాడ్స్ 2020లో నెదర్లాండ్స్ రేడియాలజిస్టులు రూపొందించిన అనుమానపు కొలమానం మాత్రమే. అందులో 4 అంటే అనుమానం బలంగా ఉందని అర్థం. పీసీఆర్ పాజిటివ్ వచ్చినవారికే 6 ఇస్తారు. స్వాబ్ (ముక్కు, గొంతు నుంచి తీసే నమూనా) సరిగా అందకపోయినా నెగటివ్ రావచ్చు కనుక, ఆ పరీక్షను ఫ్లూ పరీక్షతో కలిపి మరోసారి చేయించండి.

జవాబు 2 (ఛాతీ వైద్యుడు):
పై జవాబుతో ఏకీభవిస్తూనే స్కోరు గురించి ఒక మాట చెబుతాను. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఉండే ఐదు తమ్మెల్లో (భాగాల్లో) ఒక్కొక్కదానికి, మచ్చలు ఎంత మేర పరచుకున్నాయో కంటితో అంచనా వేసి, 0 నుంచి 5 వరకు ఇచ్చిన అంకెల మొత్తమే ఆ 9. రెండో వేవ్‌లో మన ఊళ్లలో పరీక్షల మార్కుల్లా దాన్ని చెప్పుకున్నారు గానీ, చికిత్సను నిర్ణయించేది ముఖ్యంగా ఆక్సిజన్, ఆయాసం. పైగా కోవిడ్‌లో మొదటి రెండు రోజులు స్కాన్ మామూలుగా ఉండవచ్చు, మచ్చలు సాధారణంగా పదో రోజు ప్రాంతంలో గరిష్ఠానికి చేరతాయి. అందువల్ల వచ్చే వారం తీయిస్తే, మనిషి కోలుకుంటున్నా స్కోరు పెరిగి కనిపించి ఇంట్లో అందరూ కంగారు పడతారు. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, నాలుగడుగులు వేయగానే ఆ అంకె పడిపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. హఠాత్తుగా ఆయాసం వస్తే ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపు గడ్డ కూడా కారణం కావచ్చు. కాంట్రాస్ట్ (నాళాలు స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే మందు) లేని హెచ్‌ఆర్‌సీటీలో అది సాధారణంగా తెలియదు, ఊపిరితిత్తుల నాళాల సీటీ యాంజియోగ్రామ్ కావాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒక సీటీ 300 ఎక్స్‌రేలతో సమానమని విన్నాము, నిజమేనా?

జవాబు 1 (రేడియాలజిస్టు):
2021 మేలో అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా 300–400 అని అన్నప్పుడు రేడియాలజిస్టుల సంఘం గట్టిగా అభ్యంతరం చెప్పింది. మామూలు ఛాతీ సీటీలో సుమారు 5–7 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్, లో డోస్ పద్ధతిలో 1–1.5 వరకు పడుతుంది. మీ నాన్నగారి వయసులో రేడియేషన్ కన్నా, చికిత్సను మార్చని స్కాన్‌కు డబ్బు పోయడమే నాకు అభ్యంతరం. ఎప్పుడైనా మళ్లీ తీయాల్సి వస్తే లో డోస్ అడగండి, పోల్చి చూడటానికి పాత సీడీని వెంట తీసుకెళ్లండి.