అప్‌డేట్: ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండికి క్లచ్ వేశా

రెండు నెలల కింద అడిగా కదా, ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండికి (రాళ్ళూ గుట్టలూ ఎక్కించే పోటీ బైక్) క్లచ్ అవసరమా, మోకాలెత్తు బండరాయి ముందు నిలబడి థ్రాటిల్ తిప్పితే ముందు చక్రం లేస్తుంది కానీ వెనక చక్రం రాయికి తగిలి ఆగిపోతోంది అని. మోటార్‌కి కరెంట్ ఇచ్చే కంట్రోలర్ సెట్టింగ్ మార్చి చూడమన్నారు కొందరు, మార్చా, కొంచెం నయం అంతే.

మొత్తానికి పాత 100 సీసీ బండి క్లచ్ ప్లేట్లు తెచ్చి మోటార్‌కీ చైన్‌కీ మధ్యలో పెట్టా. కానీ అసలు తేడా తెచ్చింది ఫ్లైవీల్ (తిరుగుతూ శక్తి దాచుకునే బరువైన చక్రం) అన్నా. మోటార్‌లో తిరిగే భాగం, రోటర్, తేలిక, దాంట్లో శక్తి నిలవదు, క్లచ్ ఒక్కటే వేస్తే పెద్దగా ఏం రాదు. లేత్ మీద 14 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీల్ చక్రం చేయించా, రెండున్నర కేజీలు, 3000 ఆర్‌పీఎమ్‌లో దాదాపు 300 జౌల్స్ దాచుకుంటుంది, అంటే 100 కేజీల బరువుని 30 సెంటీమీటర్లు లేపేంత! క్లచ్ పట్టుకుని మోటార్ తిప్పి, టక్కున వదిలితే అదంతా ఒక్కసారిగా వెనక చక్రానికి వెళ్తుంది. యమహా వాళ్ళ ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండి టీవై-ఈకి కూడా క్లచ్ ఎందుకు ఉందో అప్పుడు అర్థమైంది.

మొదట్లో క్లచ్ జారేది, గట్టి స్ప్రింగులు వేశాక ఆగింది. ఆయిల్ ఇంకా గాస్కెట్ దగ్గర చెమ్మగా వస్తోంది, అది చూడాలి. ఎడమ చేతికి క్లచ్ వచ్చింది కాబట్టి అక్కడున్న వెనక బ్రేక్‌ని కాలికి మార్చా, వేళ్ళు ఇంకా పాత అలవాటుకే పోతున్నాయి. ఎవరైనా చేస్తే ఫ్లైవీల్ చుట్టూ మందపాటి స్టీల్ కవర్ తప్పకుండా పెట్టండి. నిన్న సాయంత్రం అదే రాయి మూడుసార్లు ఎక్కా.