ప్రాజెక్టులో మునిగిన ఊరిని పాత టోపో షీట్‌లో వెతకడం: చేసినవాళ్ళు చెప్పండి

కృష్ణొడ్డు:
మా అమ్మమ్మగారి ఊరు 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. కర్నూలు వైపు, నదికి బాగా దగ్గర. అమ్మ ఇప్పటికీ ఊరబావి, రచ్చబండ, రామాలయం అంటూ చెబుతూనే ఉంటుంది. ఎక్కడమ్మా అంటే మాత్రం గట్టు మీద నిలబడి "ఆ నీళ్ళలో" అని చెయ్యి చూపిస్తుంది, అంతే. శాటిలైట్ ఫొటోలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ప్రాజెక్టుకు ముందటి పటాలు చూసి ఊరి జాగా పట్టుకున్నవాళ్ళు ఉన్నారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతపటాలు:
ముందు అమెరికా సైన్యం 1950ల్లో వేసిన 1:250,000 పటాలు చూడండి. యూ502 సిరీస్ అంటారు, టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్ల ఆధారంగా వేసినవే కాబట్టి ఊళ్ళ పేర్లు చాలావరకు ఉంటాయి. కాకపోతే ఊరు ఒక చుక్కలా కనిపిస్తుంది, లోపల ఏముందో తెలియదు. గుడి, బావి, బండ్లబాట కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా మైలుకు అంగుళం లెక్కన వివరంగా గీసిన పాత పటం, అంటే టోపో షీటే దొరకాలి.

నంబరు పట్టుకోవడం తేలికే. నాలుగు డిగ్రీల పెద్ద చదరానికి ఒక నంబరు, దాన్ని ఏ నుంచి పి దాకా 16 ముక్కలు, ఒక్కో ముక్కను మళ్ళీ 16 షీట్లు చేస్తారు. హైదరాబాద్ 56 కె. మీ జలాశయం సరిగ్గా 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి కొంత 56 ఎల్‌లోకి, కొంత 57 ఐలోకి వస్తుంది, రెండూ చూడాల్సిందే. సర్వే ఆఫ్ ఇండియా సైట్‌లో ఇచ్చే ఓపెన్ సిరీస్ షీట్లు దీనికి పనికిరావు, అందులోనూ నీళ్ళే ఉంటాయి.

బండ్లబాట:
షీట్ దొరికాక ఒక పని చెయ్యండి. శ్రీశైలం నిండు మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. పాత ఇంచి షీట్లలో కాంటూర్ లైన్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మామూలుగా 50 అడుగులకు ఒకటి, అంటే 850 గీత, 900 గీత ఉంటాయి. 900 గీతను రంగు పెన్సిల్‌తో దిద్దితే లోయలోకి నీళ్ళు ఎంత దూరం చొరబడ్డాయో కళ్ళ ముందుకొస్తుంది. 850 లోపలున్న ఊళ్ళు బాగా నీళ్ళు తగ్గితే తప్ప బయటపడవు, రెండు గీతల మధ్యవి వేసవిలో బయటపడతాయి. నేను మా మేనత్తవాళ్ళ ఊరికి ఇలాగే చేశాను, గీతకు అవతలున్న చింతతోపు ఇప్పటికీ ఉంది. నదికి అడ్డంగా ఫెర్రీ అని రాసిన చోట్లు కూడా గమనించండి, అక్కడ పుట్టి నడిచేది, పుట్టి ఉందంటే దానికి రెండు వైపులా బాట, ఊరు ఉండి తీరతాయి.

చెరువుగట్టు:
ఒక జాగ్రత్త. పాత షీట్‌ను తీసుకెళ్ళి నేరుగా ఫోన్ జీపీఎస్ మీద పరిస్తే కలవదు. ఆ పటాలు భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి, జీపీఎస్‌ది వేరే లెక్క, చదరం మూలల అంకెలు మాత్రమే నమ్ముకుంటే ఊరు వంద మీటర్ల పైనే పక్కకు జరగొచ్చు. ఇంకా పాత షీట్లయితే, 1905 ముందువి, రేఖాంశంలో 2 నిమిషాల 27 సెకన్లు తీసెయ్యమని అంచున నోట్ ఉంటుంది. అది చూడకపోతే నాలుగు కిలోమీటర్లకు పైగా తప్పిపోతారు. అందుకే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పటాన్ని కూర్చోబెట్టేటప్పుడు ఇప్పటికీ కదలని గుర్తులు పట్టుకోండి: కొండ మీద సర్వే రాయి, పాత రైలు వంతెన, చెరువు కట్ట రెండు కొసలు. గుడిని మాత్రం విచారించి వాడండి, ముంపు ప్రాంతంలో గుళ్ళను విప్పి వేరే చోట కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు ఇప్పుడు అలంపురంలో ఉన్నాడు కదా.

పాటిగడ్డ:
మాది పాలమూరు. నా అనుభవం మునిగిన ఊరిది కాదు, పాడుబడిన ఊరిది. రెవెన్యూ రికార్డులో బేచిరాక్ అని ఉంది, అంటే దీపం వెలగని ఊరు, పేరుంది గానీ మనుషులు లేరు. పాత షీట్‌లో ఆ చోట గుడి గుర్తు, పక్కన చిన్న కుంట, కుంట కట్ట దగ్గర 9 ఆర్ అని ఉంది, అంటే కట్ట చుట్టూ ఉన్న నేల కంటే 9 అడుగులు ఎత్తు. వెళ్ళి చూస్తే కుంట పూడిపోయి జొన్నచేను, గట్టు మాత్రం మోకాలెత్తున మిగిలింది. పక్కనే మెత్తని బూడిదరంగు నేల, అందులో కుండపెంకులు. రైతును అడిగితే "ఇది పాటి కదా సారూ, మా నాయన కాలంలో ఈ మన్నే బండ్లతో తోలుకుపోయి చేన్లకు ఏసేటోళ్ళు" అన్నాడు. పాటి అంటే పాత ఊరి దిబ్బ. ఆ మాట పటంలో ఎక్కడా లేదు. పటంలో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, డ కి ద కి, ళ కి ల కి తేడా ఉండదు, కాబట్టి ఊళ్ళో పెద్దవాళ్ళ చేత పలికించి తెలుగులో రాసుకోండి. నేను ఈ పని ఆలస్యంగా మొదలుపెట్టాను, అప్పటికే ఇద్దరు తెలిసినవాళ్ళు పోయారు.

కృష్ణొడ్డు:
అందరికీ చాలా థాంక్స్. అంగుళం షీట్ ఒక పెద్దాయన దగ్గర దొరికింది, మడతల దగ్గర చిరిగి ఉంది, ఫొటో తీసుకున్నాను. బండ్లబాట అన్నా, 900 గీత దిద్దాను, మా ఊరు 850 దాటి కాస్త పైనే ఉంది. మొన్న నీళ్ళు తగ్గాయని తెలిసి మామయ్యను తీసుకుని వెళ్ళాను. ఆయనకు 70 దాటాయి. బురద ఎండి పగుళ్ళిచ్చింది, ఎటు చూసినా ఒకేలా ఉంది, ఆయన దిక్కు తెలియక నిలబడిపోయాడు. ఫోన్‌లో పటం చూపించి "ఈ గీత బండ్లబాట, ఇది వాగు" అన్నాను. అంతే, "వాగుకు కుడిపక్క అయితే ఇది మాలపల్లె, మనది ఇంకా పైకి" అని తనే ముందు నడిచాడు. రెండు వందల అడుగులు పోయాక రాతి వరస ఒకటి గుండ్రంగా కనిపించింది, లోపలంతా ఒండ్రు. బావి. ఒరలో ఒక రాయి మీద తాడు ఒరిసి పడిన గాడి ఉంది, ఆయన వేలు అందులో పెట్టి చాలాసేపు తియ్యలేదు.

అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాం. రామాలయం ఇంకా దొరకలేదు, షీట్‌లో ఆ మూల చిరిగిపోయింది. 57 ఐలో మంచి ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వానలు పడి నీళ్ళు ఎక్కే లోపు ఇంకోసారి పోవాలి.