మెక్సికో బీచ్ దగ్గర ఇల్లు: పట్టా బ్యాంకు పేరు మీద ఉంటుందట, కొనొచ్చా?

భీమవరం_డల్లాస్:
అందరికీ నమస్కారం. మేం డల్లాస్‌లో ఉంటాం, హెచ్‌1బీ మీద. పాస్‌పోర్టు ఇండియాదే. మెక్సికోలో ప్రోగ్రెసో దగ్గర, సముద్రానికి రెండో వరసలో ఒక చిన్న ఇల్లు చూశాం. ఏజెంటేమో "తీరంలో విదేశీయుల పేరు మీద భూమి రాదు, బ్యాంకు ట్రస్టు పేరు మీద ఉంటుంది, మీరు లబ్ధిదారులు" అంటాడు. నాన్నగారికి ఫోన్లో చెప్తే "డబ్బు నీదీ, పట్టా బ్యాంకుదా? ఇదేం బినామీ యవ్వారంరా!" అన్నారు. బ్యాంకు మునిగితే మా గతేంటి? ఇంకో సంగతి, ఆ పక్కనే ఒక ప్లాటు సగం ధరకే ఉంది. ఎహీదో భూమి అట. కొన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

వైజాగ్_వాసు:
అంత దూరం దేనికి బ్రో? ఆ డబ్బుతో భీమిలి రోడ్డులో ఫ్లాట్ తీసుకో. కనీసం మీ నాన్నగారైనా వెళ్ళి చూసొస్తారు.

కాకినాడ_అక్క:
వాసూ, అతను అడిగింది భీమిలి గురించి కాదు కదా.

తమ్ముడూ, మాది హూస్టన్. ప్రోగ్రెసోకి తూర్పున చిక్షులూబ్‌లో మాకో చిన్న ఇల్లుంది, 2016లో కొన్నాం. (డైనోసార్లని అంతం చేసిన గ్రహశకలం పడిన గుంటకి పెట్టింది ఈ ఊరి పేరే. మా ఆయన వచ్చిన ప్రతి చుట్టానికీ ఇది చెప్పందే ఊరుకోరు.)

నాన్నగారి అనుమానం సహజమే గానీ, భయపడాల్సింది ట్రస్టుకి కాదు. అక్కడి 1917 రాజ్యాంగంలో 27వ అధికరణం ప్రకారం తీరం నుంచి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపల విదేశీయులకి భూమి మీద నేరుగా హక్కు రాదు. సముద్రమే కనిపించని మెరిడా సిటీలో కొన్నా ఇదే రూలు. అందుకే ఈ ఫిదేకొమీసో, అంటే బ్యాంకు ట్రస్టు. విదేశాంగ శాఖ పర్మిట్‌తో 50 ఏళ్ళకి రాస్తారు, తర్వాత పొడిగించుకోవచ్చు. ఉండటం, అద్దెకివ్వడం, అమ్మడం అన్నీ నీ ఇష్టమే. ట్రస్టు ఆస్తి బ్యాంకు సొంత ఆస్తుల్లో కలవదు. బ్యాంకు మునిగినా ట్రస్టు ఇంకో బ్యాంకుకి మారుతుంది. నీ తర్వాత ఎవరికి చెందాలో కూడా అందులోనే రాయించు, పిల్లలు కోర్టుల చుట్టూ తిరిగే పని తగ్గుతుంది. ఏటా బ్యాంకు ఫీజు మాకు ఐదారు వందల డాలర్లు అవుతోంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఆస్తి విషయంలో తగువొస్తే మన దేశ ప్రభుత్వాన్ని రమ్మనకూడదు.

అసలు భయపడాల్సింది నువ్వు చివర్లో తేలిగ్గా అడిగిన ఎహీదో ప్లాటుకి. మెక్సికో విప్లవం తర్వాత ఊళ్ళకి ఉమ్మడిగా పంచిన భూములవి. 1992 సవరణతో వాటిని సొంత ఆస్తిగా మార్చుకునే వీలొచ్చింది కానీ, దానికి ఊరి సభ తీర్మానం జరగాలి, రిజిస్ట్రీలో ఎక్కాలి. అవన్నీ పూర్తయ్యేదాకా ఏ బ్యాంకూ దాన్ని ట్రస్టులో పెట్టదు, నీ చేతికొచ్చేది ఒట్టి కాగితం. మనూళ్ళో అసైన్డ్ భూమిని స్టాంపు పేపర్ మీద కొన్నట్టే. సగం ధర అంటున్నారంటే కారణం అదే. మా వీధి చివర ఒక కెనడా జంట అలాగే కొని, గోడ కూడా కట్టుకున్నారు. అమ్మిన పెద్దాయన పోయాక కొడుకులొచ్చి గేటుకి తాళం వేశారు.

రెండో సంగతి. అమ్మేవాళ్ళు "దస్తావేజులో తక్కువ రాద్దాం, మీకూ టాక్స్ కలిసొస్తుంది" అంటారు. మనకి తెలుపూ నలుపూ అలవాటే కాబట్టి మామూలుగా తలూపేస్తాం. ఒప్పుకోకు. అక్కడ నివాసి కానివాళ్ళు అమ్మినప్పుడు మొత్తం అమ్మకం ధర మీద 25 శాతం గానీ, లాభం మీద 35 శాతం గానీ కట్టాలి. లక్షా యాభై వేల డాలర్లకి కొని తొంభై వేలని రాయించావనుకో. రేపు లక్షా ఎనభైకి అమ్మితే నీ అసలు లాభం ముప్పై వేలు, కాగితం మీద తొంభై వేలు. సర్దుబాట్లు, మినహాయింపులు పక్కన పెడితే టాక్సే ముప్పై ఒకటిన్నర వేలవుతుంది.

రిజిస్ట్రేషన్ చేసేది నొతారియో. అమెరికాలో ముద్ర కొట్టే నోటరీ లాంటివాడు కాదు, ప్రభుత్వం నియమించిన పెద్ద లాయరు. అయినా అతను నీ మనిషి కాదు. ఏజెంటు చూపించినవాణ్ణి కాకుండా వేరే లాయర్ని పెట్టుకుని, ఆస్తి మీద అప్పులు లేవన్న సర్టిఫికెట్ తీయించు.

ఇంటిని మటుకు ఉప్పు గాలి తెగ తినేస్తుంది. తలుపు బందులు, ఏసీ, గ్రిల్స్ ఏవీ ఆగవు. చలికాలంలో ఉత్తరం నుంచి గాలి లేస్తే వరండా నిండా ఇసకే.

భీమవరం_డల్లాస్:
చాలా థాంక్స్ అక్కా. ఎహీదో ప్లాటు వదిలేస్తున్నా. ఇంకొక్కటి, రేపు ఇండియా వెళ్ళిపోతే ఈ ఇల్లు ఉంచుకోవచ్చా?

పన్నుల_పంతులు:
ఉంచుకోవచ్చండీ. బయట నివాసిగా ఉన్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చని ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా సెక్షన్ 6(4) చెప్తోంది. కాకపోతే పూర్తి స్థాయి రెసిడెంట్ అయ్యాక ఏటా ఇండియా రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించాలి. మానేస్తే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడొచ్చు. అమెరికాలో ఉన్నంత కాలం ఈ మెక్సికో ట్రస్టుకి ఫారం 3520 (విదేశీ ట్రస్టుల వివరాలిచ్చే ఫారం) వేయాలేమోనని చాలామంది కంగారు పడతారు. మామూలు ఫిదేకొమీసోని ట్రస్టుగా లెక్కించబోమని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2013లోనే రూలింగ్ ఇచ్చింది. అద్దె వస్తే మాత్రం చూపించాల్సిందే.

కాకినాడ_అక్క:
పంతులుగారు చెప్పింది నోట్ చేసుకో. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి తుఫాన్ల సీజన్లో, సెప్టెంబరులో వెళ్ళి ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో పక్కింటివాళ్ళని అడుగు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు చెల్లుతుంటే మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువైపోయి 797 కాగితం (హెచ్‌1బీ ఆమోద పత్రం) ఒక్కటే ఉంటే ఫ్లైటే ఎక్కనివ్వరు, ముందది చూసుకో.